ఖాళీ రోజు పాలు

ఖమ్మం,
మార్చి 5, 1989.

తమ్ముడు యేసుదానానికి,

ప్రభువు దయవల్ల నేను, నా మోకాళ్ళు, అమ్మ కట్టిన ఇల్లు ఇంకా నిలబడే ఉన్నాం. రాహేలు, పిల్లలు ఎలా ఉన్నారు? నీ ఉత్తరాల్లో రాహేలు మాట ఈమధ్య ఒక్క ముక్కైనా ఉండడం లేదు.

నువ్వడిగిన లెక్కలు ఈ కవరులో పెట్టాను. నీ తూర్పు వాటా కిరాయి ఏ నెలది ఆ నెల కిందే రాశాను. స్టాంపు అంటించి మన కిరాయిదారు గోప్యాకు ఇచ్చిన రసీదులన్నీ సరిచూశాను. ఇంటి పన్ను కట్టిన చీటీ కూడా ఉంది, పోగొట్టకు. అడవి అంచున బడిపంతులు పని చేసుకుంటూ, రెండు గదుల కిరాయిని కూడా ఇన్‌కంటాక్సు కాగితంలో చూపించే హెడ్మాస్టరు ఈ జిల్లాలో నువ్వొక్కడివే అయి ఉంటావు.

మొన్న మున్సిపాలిటీ బిల్లు కలెక్టరు వచ్చాడు. టేపు పట్టి వసారా కూడా కొలిచాడు. "కిరాయికిచ్చినవా అమ్మా, సుట్టాలా?" అని అడిగాడు. మన వీధిలో కిరాయిదార్లందరూ చుట్టాలే కదా. ఎదురింటాయనకైతే ఇంటినిండా బావమరదులే. నాకూ నోటిదాకా వచ్చింది గానీ నీ మొహం గుర్తొచ్చి ఉన్నమాట చెప్పేశాను. పన్ను పెరుగుతుందట. నీ నిజాయితీకి అయ్యే ఖర్చు నువ్వే పంపు. అతను పోయాక గోప్యా పెళ్ళాం సక్రి బియ్యం చెరుగుతూ ఒకటే నవ్వు. "పదేండ్ల సంది ఒక్క గడప తొక్కుతున్నం, సుట్టాలం గామా అమ్మా?" అంది.

గోప్యా ఇప్పుడు మిర్చి యార్డులో బస్తాలు మోయడం లేదు, కాంటా దగ్గర నిలబెట్టారు. అయినా సాయంత్రం గేటు తీస్తే చాలు, వీధంతా తుమ్ములే. పెద్దపిల్ల గోరి పదో తరగతికి వస్తుంది. చిన్నది ద్వాలి నా కుట్టుమిషను కిందనుంచి లేవదు.

ఆగస్టులో మళ్ళీ ఖాళీ రోజు వస్తుంది, లెక్క వేశావా? పదకొండు నెలలకోసారి కొత్త కాగితం రాసుకోవాలి, ఒక రోజు వాళ్ళు ఖాళీ చేయాలి, లేకపోతే ఇంటిమీద హక్కు వచ్చేస్తుంది అని ఆ దస్తావేజుల రామ్‌చందర్ చెప్పిన మాట పట్టుకుని నువ్వు పెట్టిన ఆచారం ఇది. వాళ్ళు సామానంతా నా వసారాలోకి తేవడం, నీ తాళం పడడం, మర్నాడు పొద్దున పాలు పొంగించి మళ్ళీ లోపలికి పోవడం! ఏటా ఒక నెల వెనక్కి జరుగుతూ ఎండల్లో వచ్చింది, చలిలో వచ్చింది, ఒకసారి క్రిస్మస్ ముందర వచ్చింది. ఇప్పుడు అంతా తిరిగి, వాళ్ళు మొదట అడుగుపెట్టిన ఆగస్టుకే చేరింది. ద్వాలి అప్పుడే ఏ గౌను వేసుకోవాలో అడుగుతోంది.

నీ అక్క,
ఆరోగ్యమ్మ

*

దుమ్ముగూడెం,
మార్చి 21, 1989.

అక్కా, వందనాలు.

లెక్కలు అందాయి. కూడికలు సరిగానే ఉన్నాయి. నీ పద్దులే సరిగా లేవు. 'మరమ్మతులు' అని రాసి దాని కింద పెంకులు, సున్నం, తలుపు గొళ్ళెం వేశావు, బాగానే ఉంది. తరువాత 'ఖాళీ రోజు కోడి', 'సేమ్యా, బెల్లం', 'ద్వాలికి గౌను' అని ఉన్నాయి. ఇవి ఏ ఇంటికి మరమ్మతులు? అన్నీ కొట్టేశాను. మరమ్మతుల కింద కిరాయిలో ఆరోవంతు టాక్సువాళ్ళు ఎలాగూ వదిలేస్తారు. నువ్వు కోడిని కూడా వాళ్ళ మీద రుద్దనక్కరలేదు.

కొట్టేస్తుంటే మొదటి ఖాళీ రోజు కళ్ళముందుకు వచ్చింది. గుర్తుందా? జులై నెల, ఒకటే వాన. కొత్త ఇత్తడి తాళం కొనుక్కుని బస్సు దిగాను. ఖాళీ చేయాలి అనగానే సక్రి మొహం మాడిపోయింది. "మేమేం తప్పు జేసినం సారూ?" అంది. చట్టం గురించి చెబుతూ చెబుతూ నాకే గొంతు ఆరిపోయింది. చివరికి గోప్యా, "ఒక్క రాత్రికేనా? గట్ల జెప్పరాదు!" అని గోనెపట్టా కప్పుకుని బియ్యం డబ్బా నెత్తికెత్తుకున్నాడు. మర్నాడు నేను తాళం తీస్తే సక్రి గడప దగ్గర ఆగి, ఇంట్లోకి కొత్తగా పోతున్నాం కాబట్టి పాలు పొంగించాల్సిందే అని పట్టుబట్టింది. నువ్వేమో ప్రార్థన లేకుండా ఎలా పోతారని పట్టుబట్టావు. నీ ప్రార్థన పొడుగు, ఆమె పొయ్యి మంట పెద్దది. 'ఆమెన్' అనేలోగా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ మాడిన పాల వాసన ఇప్పటికీ నాకు బాగా గుర్తు. అంత సంతోషంగా నేను చేసిన సర్కారు పని ఇంకొకటి లేదు.

ఇక అసలు మాట. ఈ ఆగస్టులో వాళ్ళు ఖాళీ చేసి తాళం పడ్డాక, మళ్ళీ తీయవద్దు. కోచింగు కాలేజీ వాళ్ళు హాస్టలుకు అడుగుతున్నారు, మూడింతల కిరాయి ఇస్తారట. పన్ను పెరుగుతుందని నువ్వే రాశావు. ఇప్పుడే చెబితే వాళ్ళు వేరే ఇల్లు చూసుకోవడానికి వ్యవధి ఉంటుంది. నిదానంగా చెప్పు.

తమ్ముడు,
యేసుదానం

*

ఖమ్మం,
ఏప్రిల్ 9, 1989.

యేసుదానం,

వందనాలు గిందనాలు ఏమీ లేవు. పైన రెండు పేజీలు పాలవాసన గురించి రాసి, కింద నాలుగు వరసల్లో వాళ్ళను వీధిలో పెట్టమంటావా? ఆ రెండూ ఒకే కలంతో ఎలా రాశావు?

నీ ఉత్తరం పట్టుకుని రామ్‌చందర్ దగ్గరికి పోయాను, ఇలా తీసేయడానికి చట్టం ఒప్పుకుంటుందా అని. ఆయన మన ఖాళీ రోజు సంగతి విని కళ్ళజోడు తీసి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "ఖాళీ అని కాగితం మీద రాస్కోమన్ననమ్మా! నిజంగ సామాను మొయ్యమన్ననా? ఖమ్మంల ఎవ్వలన్న మోస్తరా?" అన్నాడు. విన్నావా? ఇన్నేళ్ళూ ఉత్తపుణ్యానికే మోయించాం! సక్రి నెలలు నిండి ఉన్నప్పుడు మే నెల ఎండలో మంచం మోసింది. ఆ వారంలోనే ద్వాలి పుట్టింది. అప్పుడే అన్నాను, ఈసారికి వదిలేయరా అని. చట్టం అక్కా, చట్టం అన్నావు. నీ చట్టం మండ!

ఇంకొకటి. వరద మర్చిపోయావా? ఎనభై ఆరులో గోదావరి మీ ఇంట్లోకి వస్తే రాహేలును, పిల్లలను ఇక్కడికి పంపావు. తడిసిన బట్టలతో అర్ధాకలితో దిగారు. నేను నోరు తెరవకముందే గోప్యా లోపలికి పోయి మంచం బయటికి తెచ్చాడు. వరద తీసేదాకా గోప్యా వాళ్ళు నలుగురూ వసారాలో పడుకున్నారు. మళ్ళీ నవంబరులో నీ కాగితం కోసం ఇంకోసారి మోశారు. ఆ ఏడు వాళ్ళు రెండుసార్లు ఖాళీ చేశారు తమ్ముడూ. మొదటిసారి ఎవరూ చేయమనలేదు.

హాస్టలు కావాలంటే నువ్వే వచ్చి చెప్పుకో. నేను చెప్పను.

ఆరోగ్యమ్మ

*

దుమ్ముగూడెం,
మే 2, 1989.

అక్కా,

వరద మర్చిపోలేదు. మర్చిపోయినట్టు రాస్తే పని సులువవుతుంది అనుకున్నాను.

కోచింగు కాలేజీ లేదు, హాస్టలు లేదు. అది నేను కల్పించాను. రాహేలుకు గుండె జబ్బు. సంక్రాంతి సెలవులకు ముందు నుంచే ఆయాసం. భద్రాచలంలో చూపించాను. గుండెలో కవాటం సరిగా మూసుకోవడం లేదట. ఖమ్మం పెద్ద దవాఖానాలో తరచూ చూపించాలి, ఊపిరి అందనప్పుడు జల్దీ చేర్చాలి, ఇంత దూరాన ఉంచవద్దు అన్నాడు డాక్టరు. మొన్న ఒకనాడు బస్సు దొరక్క, ఇసుక లారీలో ముందు సీటు మీద కూర్చోబెట్టి భద్రాచలం తీసుకుపోయాను. దారిపొడుగునా నా చెయ్యి వదల్లేదు. ఇక నా వల్ల కావడం లేదు అక్కా. నాకు భయంగా ఉంది.

నీకు చెబితే నువ్వు ఆ రోజే బయలుదేరి వస్తావు, నీ మోకాళ్ళు అంత ప్రయాణానికి ఆగవు. అందుకే దాచాను. ఇప్పుడు నీ గది ఇస్తానంటావని తెలుసు. నీకున్నది ఒక్క గది, వంటిల్లు. రాహేలు, ఇద్దరు పిల్లలు, నువ్వు, నీ కుట్టుమిషను అందులో పట్టరు. నా ఉద్యోగం ఇక్కడే. వాళ్ళు నీ పక్కన ఉంటే నేను ఇక్కడ నిద్రపోగలను.

గోప్యాకు, సక్రికి నిజమే చెప్పు. కానీ ముందుగా చెప్పు. స్కూళ్ళు తెరవకముందే అయితే వాళ్ళకు ఇల్లు దొరుకుతుంది.

యేసుదానం

*

ఖమ్మం,
జూన్ 11, 1989.

నా తండ్రీ,

నీ ఉత్తరం చదివి ఎంతసేపు ఏడ్చానో. అన్ని మాటలన్నాను, మనసులో పెట్టుకోకు. రాహేలును తీసుకురా, నా కళ్ళలో పెట్టుకుని చూసుకుంటాను. వరద అప్పుడు అది నా పక్కన పడుకుని, చిన్నపిల్లలా గోదావరి చప్పుడు వినిపిస్తోంది వదినా అనేది. ఖమ్మంలో గోదావరి ఎక్కడిదే అని నవ్వేదాన్ని.

వాళ్ళకు చెబుతాను. మొన్న చెబుదామనే పోయాను. సక్రి తండా నుంచి తెచ్చిన జొన్నలు దంచుతోంది, నాకోసమని ముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టింది. ఏం చెప్పను? నిన్న గోప్యాను పిలిచాను. వస్తూనే, "అమ్మా, వానలు రాకముందే పెంకులు సర్దుత, పైసలేం వద్దు" అని నిచ్చెన వేశాడు. పైన ఉన్నవాడికి ఇల్లు ఖాళీ చేయమని కింది నుంచి ఎలా చెబుతాను? పడితే?

ఈ వారంలో చెబుతాను.

అక్క

*

దుమ్ముగూడెం,
జులై 14, 1989.

అక్కా,

చెప్పావా? ఆ ఒక్క మాటకే ఈ కార్డు. రాహేలు నిన్ను అడిగినట్టు రాయమంది.

యేసుదానం

*

ఖమ్మం,
జులై 22, 1989.

తమ్ముడికి,

ఇక్కడ అంతా సిద్ధం. ఆగస్టు పన్నెండు శనివారం వాళ్ళు ఖాళీ చేస్తారు. సున్నానికి మనిషిని మాట్లాడాను. నువ్వు రాహేలును తీసుకుని ఇరవైన రా. మిగతా సంగతులు నువ్వు వచ్చాక.

అక్క

*

ఖమ్మం,
ఆగస్టు 14, 1989.

తమ్ముడూ,

నేను చెప్పలేదు. కిందటి ఉత్తరంలో 'ఖాళీ చేస్తారు' అని రాశాను, 'చెప్పాను' అని రాయలేదు. నువ్వు గమనించి ఉండవు.

శనివారం వాళ్ళు ఎప్పటిలాగే ఖాళీ చేశారు. ద్వాలి కొత్త గౌను వేసుకుని రోకలి, చేటలు మోసింది. గోరి పుస్తకాలు మోసింది. గోప్యా నీ ఇత్తడి తాళం తనే తుడిచి, తనే వేసి, చెవి నా చేతిలో పెట్టాడు. సక్రి కోడి వండింది, నేను పాయసం చేశాను. అందరం వసారాలో కూర్చుని తిన్నాం. తింటున్నంతసేపూ ఇప్పుడు చెబుతాను, ఇప్పుడు చెబుతాను అనుకున్నాను.

ఆదివారం పొద్దున సక్రి తలస్నానం చేసి, పాలగిన్నె పట్టుకుని గడప ముందు నిలబడింది. చెవి నా బొడ్లోనే ఉంది. చెయ్యి పోలేదు. "ఏందమ్మా, చెవి పోయిందా?" అని గోప్యా కింద వెతకసాగాడు. అప్పుడు చెప్పాను. రాహేలు జబ్బు, నువ్వు రాసింది, అంతా.

గోప్యా వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. సక్రి నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

"ఎన్నడు ఎరుకైంది నీకు?"

"మే నెలలో."

"మూడు నెల్లు నా ఎదురుంగ కూసోని గింత ముచ్చట జెప్పలేకపోయినవా? నిన్న నీ చేత్తోని పాసెం పోసినవ్ గద, గప్పుడన్న జెప్పరాదు? మమ్ముల్ని మాయజేసి బయటికి తెచ్చినవా?"

నేనేదో అనబోయాను. గోప్యా లేచి, "ఇడువు సక్రీ" అన్నాడు. నాతో మెల్లగా అన్నాడు, "అమ్మా, రాహేలమ్మకు పానం బాగలేదంటే గా దినమే ఖాళీ చేస్తుంటిమి గద. వరదలప్పుడు అడిగిచ్చుకున్నమా?"

తిట్టినా బాగుండేది తమ్ముడూ.

మధ్యాహ్నానికల్లా యార్డు వెనక ఒక గది చూసుకొచ్చాడు. రెండు రిక్షాల్లో సామాను పోయింది. ద్వాలి "మనం ఇట్లెందుకు పోతున్నం, ఇల్లు అటుంది గద" అని ఏడుస్తూనే ఉంది. సక్రి ఆ పాలగిన్నె చేత్తో పట్టుకునే రిక్షా ఎక్కింది. నావైపు చూడలేదు.

ఇల్లు నీ కోసం ఖాళీగా ఉంది. నాకు లోపలికి పోవాలనిపించడం లేదు.

ఆరోగ్యమ్మ

*

దుమ్ముగూడెం,
ఆగస్టు 29, 1989.

అక్కా,

క్షేమంగా చేరాను. రాహేలు ముందు అనలేక ఇది రాస్తున్నాను. ఈ తప్పు నీ ఒక్కదానిది కాదు. ఆ మాట నేను వచ్చి చెప్పాల్సింది. ఉద్యోగం సాకు పెట్టుకుని నీ నెత్తిన పెట్టాను. అమ్మ మనకు ఇల్లు పంచినట్టే ఇదీ చెరిసగం.

తిరిగి వచ్చేముందు యార్డుకు పోయాను. గోప్యా కాంటా దగ్గర ఉన్నాడు, బస్తాల మధ్య నాకు టీ తెప్పించాడు. "నాకేం లేదు సారూ. ఆమెనే ఆ ఇంటి దిక్కు పోనిస్తలేదు. ముందు అమ్మను ఇంత మంచిగ జూసుకోండి" అన్నాడు. ఆ మిర్చి ఘాటుకు కళ్ళు మండుతున్నాయని చెప్పి బయటికి వచ్చాను.

రాహేలు చేతికి మందులు నువ్వే ఇవ్వు. అది మర్చిపోతుంది.

యేసుదానం

*

ఖమ్మం,
జులై 15, 1990.

తమ్ముడు యేసుదానానికి,

ముందు రాహేలు సంగతి. డాక్టరు ఈసారి మొహం ముడుచుకోకుండా చూశాడు. మెట్లు ఎక్కవద్దు, ఉప్పు తగ్గించు, అంతే అన్నాడు. నిన్న నాతో చింతచిగురు పప్పు గురించి పోట్లాడింది కాబట్టి బాగానే ఉన్నట్టు లెక్క. బిల్లు కలెక్టరు కూడా మళ్ళీ వచ్చాడు. "కిరాయా, సుట్టాలా?" అంటే, ఈసారి నిజంగానే చుట్టాలయ్యా అన్నాను. నమ్మలేదు.

ఇక నిన్నటి మాట. పొద్దున్నుంచీ వాన. సాయంత్రం గేటు చప్పుడైంది, వెంటనే రాహేలు తుమ్మింది. చూద్దును కదా, గోప్యా! నెత్తిన గోనెపట్టా, దాని కింద బియ్యం డబ్బా. వెనక గోరి, చేటలు పట్టుకుని ద్వాలి. అందరికన్నా వెనక సక్రి. గేటు దగ్గరే ఆగిపోయింది.

గోప్యానే అన్నాడు, "పదకొండు నెల్లయింది గదమ్మా. మా కొత్త ఓనరు కాగితం మీదనే రాస్కుండు, ఖాళీ జెయ్యమంటలేడు. ఈ పొల్ల నెల సంది ఖాళీ రోజెప్పుడు, ఖాళీ రోజెప్పుడు అని పానం తీస్తుంది. గందుకే ఖాళీ చేసి వచ్చినం. ఈ రాత్రికి ఈడనే."

సక్రి ఇంకా గేటు దగ్గరే తడుస్తోంది. నేను మోకాళ్ళు పట్టుకుని వానలోకి దిగి, ఆమె దగ్గరికి పోయి, "చెప్పకుండా తప్పు చేశాను సక్రీ" అన్నాను. ఏడాదిగా అనాలనుకున్న మాట. ఆమె కొంగుతో నా నెత్తి తుడిచి, "ఇప్పుడన్న జెప్పినవ్. లోపటికి నడువు, దగ్గొస్తది" అని నన్నే కసిరింది.

వాళ్ళు సామాను నా వసారాలో దించబోతుంటే రాహేలు తలుపు దగ్గరికి వచ్చింది. "ఇన్నిసార్లు వాళ్ళే ఖాళీ చేశారు కదా వదినా, ఈసారి మా వంతు" అంది. ఎవరు వద్దన్నా వినలేదు. పిల్లలు దాని మంచం నా గదిలోకి తెచ్చారు. గోప్యా చేయి వేయబోతే, "నువ్వు కూర్చో, ఇవాళ ఓనర్లు మోస్తారు" అంది. తాళం నేనే వేశాను. చెవి సక్రి చేతిలో పెట్టాను. రాత్రంతా అది ఆమె బొడ్లోనే ఉంది.

ఇవాళ పొద్దున ఆమె తాళం తీసి, నీ తూర్పు వాటాలో పాలు పొంగించింది. నేను ప్రార్థన చేశాను. ఈసారి చిన్నదే చేశాను, అయినా పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ వాసన ఇంటినిండా ఉంది. రాహేలు కుర్చీలో కూర్చుని ఒక గ్లాసుడు తాగింది. మధ్యాహ్నం తిని, సామాను సర్దుకుని వాళ్ళు యార్డు వెనక్కి పోయారు. వచ్చే జూనులో మళ్ళీ వస్తారు, ద్వాలి అప్పుడే లెక్క వేసింది.

ఇన్నాళ్ళూ నువ్వు ఆ ఖాళీ రోజు పెట్టింది వాళ్ళకు ఈ ఇంటిమీద హక్కు రాకూడదని. వచ్చేసింది తమ్ముడూ. ఇక రామ్‌చందర్ కూడా ఏమీ చేయలేడు.

ఈ నెల లెక్క కూడా కవరులో ఉంది. కోడి, సేమ్యా, బెల్లం, పాలు. ద్వాలికి గౌను. కిరాయి లేకపోయినా పద్దు పద్దే కాబట్టి అన్నీ మరమ్మతుల కింద రాశాను. ఈసారి కొట్టేయకు.

నీ అక్క,
ఆరోగ్యమ్మ